అవ్వ టేపా, అన్న డిస్కా?

పిల్లలూ! ఈ నెల మన ‘ఎందుకు? ఎలా?’ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకదానికి వెంటనే జవాబు రాయక తప్పలేదు. ఆలస్యం చేస్తే ఒక వస్తువు పాత సామాన్లవాడి గంపలోకి పోయేటట్టున్నది.

ఉత్తరం రాసింది నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర ఒక పల్లెలో ఏడో తరగతి చదివే అమ్మాయి. వాళ్ల ఇల్లు సముద్రానికి ఎంత దగ్గరంటే, రాత్రి అందరూ పడుకున్నాక అలల హోరు వినిపిస్తుందట. ఆ ఇంట్లో ‘మల్లీశ్వరి’ సినిమా రెండు రూపాలలో ఉన్నది. ఒకటి, వాళ్ల అవ్వ ముప్ఫయి ఏళ్ల కిందట కొని, పట్టుచీర దాచుకున్నట్టు బీరువాలో దాచుకున్న వీడియో టేపు. రెండోది, కాలేజీలో చదివే అన్న తెచ్చిన డిస్కు. ఒక ఆదివారం టేపూ, మరుసటి ఆదివారం డిస్కూ వేసుకుని ఇంటిల్లిపాదీ చూశారు. అప్పటినుంచి ఇంట్లో రెండు పార్టీలు!

అన్న ఏమంటాడంటే: టేపులో బొమ్మ మసక. పైనుంచి కిందికి గీతలు. అన్నిటికీ తోడు బుస్సుమని ఒకటే చప్పుడు. పైగా డిస్కు కంటే టేపు ఏడు నిమిషాల ముందే అయిపోతుంది. అంటే ఎవరో ఏదో సన్నివేశం కోసేశారన్నమాట. ఇక ఆ టేపు ఎందుకు?

అవ్వ ఏమంటుందంటే: డిస్కులో మనుషుల ముఖాలు మైనం పూసినట్టున్నాయి. మల్లి నాట్యం చేస్తుంటే పాదాలు కనిపించవు. పాదాలు కనిపించని నాట్యం ఎందుకు? ఇంతకూ భానుమతి గొంతు అది కానే కాదు. ఎవరో జలుబు చేసినవాళ్లు పాడినట్టున్నది!

“సంక్రాంతికి ఇల్లు దులుపుతారు. అప్పుడు పాత సామాన్లవాడికి టేపు ఇచ్చేస్తానని అన్న అంటున్నాడు. ఇస్తే అన్నం ముట్టనని అవ్వ అంటున్నది. నాన్న మాత్రం ఏమీ అనకుండా పొలానికి పోతున్నాడు. ఎవరి మాట నిజమో మీరు చెప్పండి,” అని ఆ అమ్మాయి రాసింది.

అమ్మాయీ! మీ అన్న మాట కొంత నిజం, మీ అవ్వ మాట కొంత నిజం. ఇద్దరూ చెరొక చోట పొరపడ్డారు కూడా. ఎవరు ఎక్కడ పొరపడ్డారో తేల్చటానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. కళ్లూ, చెవులూ, ఒక గడియారం, ఒక హార్మోనియం ఉంటే చాలు. మిగతా పిల్లలు కూడా తమ ఇంట్లో ఉన్న ఏ పాత సినిమానైనా తీసుకుని ఇలాగే పరీక్షించవచ్చు.

‘మల్లీశ్వరి’ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. బి.ఎన్. రెడ్డి గారు వాహినీ సంస్థ తరఫున తీసిన ఈ సినిమా 1951 డిసెంబరులో విడుదలయింది. మల్లిగా భానుమతి, ఆమె బావ నాగరాజుగా ఎన్.టి. రామారావు నటించారు. మాటలూ, పాటలూ దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు రాశారు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారిది. కథ శ్రీకృష్ణదేవరాయల కాలంలో జరుగుతుంది. ఒక వానరాత్రి బావా మరదళ్లిద్దరూ దారిలో ఒక సత్రంలో తలదాచుకుంటారు. మల్లి అక్కడ నాట్యం చేస్తుంది. మారువేషాలలో ఉన్న రాయలవారూ, అల్లసాని పెద్దనా అది చూస్తారు. వాళ్లెవరో తెలియక నాగరాజు, రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకీ పంపించమని వేళాకోళమాడతాడు. కొన్నాళ్లకు నిజంగానే పల్లకీ వస్తుంది. కష్టాలన్నీ దానితోనే మొదలవుతాయి.

ఈ రాయలవారు నెల్లూరు జిల్లా పిల్లలకు కొత్తవారేమీ కారు. గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి దుర్గాన్ని నెలల తరబడి ముట్టడించి, 1514లో గెలుచుకున్నది ఆయనే. ఉదయగిరి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి, అక్కడ గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. సినిమాలో రాయలూ, పెద్దనా చరిత్రలోనివారు. మల్లీ, నాగరాజూ మటుకు కల్పించినవాళ్లు. అయితే ఇప్పుడు మనం చరిత్ర నిజమా కాదా అని చూడబోవటం లేదు. 1951లో ఫిలిం మీద ఉన్న బొమ్మా, శబ్దమూ మైపాడు దాకా చెక్కుచెదరకుండా వచ్చాయా లేదా అన్నదే మన ప్రశ్న.

కనుక ముందు ఆ ఫిలిం ఎలా ఉంటుందో తెలియాలి. అది 35 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పొడుగాటి పట్టీ. ఒక అడుగు పట్టీలో 16 బొమ్మలు ఉంటాయి. సినిమా హాలులో సెకనుకు 24 బొమ్మలు దీపం ముందునుంచి పోతాయి. నలుపు తెలుపు ఫిలిం మీద బొమ్మ దేనితో తయారవుతుందో తెలుసా? వెండితో! వెలుగు తగిలిన చోట కంటికి కనిపించనంత సన్నని వెండి రేణువులు ఏర్పడతాయి. అవి ఒత్తుగా ఉన్న చోట నల్లగానూ, పలచగా ఉన్న చోట తెల్లగానూ ఉంటుంది. తెరను వెండితెర అంటాముగాని, అసలు వెండి ఫిలింలోనే ఉన్నది. ఈ వెండి కోసమే మన దేశంలో ఎన్నో పాత సినిమాలను కరిగించి పారేశారు. వచ్చే వెండి ఎంతో ఉండదు; పోయే సినిమా మాత్రం మళ్లీ రాదు.

ప్రతి బొమ్మలోనూ ఈ రేణువుల అమరిక వేరుగా ఉంటుంది. అందుకని పాత సినిమాలో తెల్లని గోడను పరకాయించి చూస్తే, గోడ మీద సన్నని ఇసుక కదులుతున్నట్టుంటుంది. అది మురికి కాదు. అదే బొమ్మ! ఇది గుర్తు పెట్టుకోండి, తరవాత పనికివస్తుంది.

ఇక పరీక్షకు దిగేముందు ఒక జాగ్రత్త. డిస్కును తిట్టేముందు టెలివిజన్‌ను అనుమానించండి. దుకాణంలో పది టెలివిజన్లు పక్కపక్కన పెడతారు. వాటిలో తమది కళ్లు జిగేల్‌మనేటట్టు ఉండాలని, తయారుచేసేవాళ్లు వెలుగునూ, పదునునూ బాగా పెంచి పంపుతారు. ఇంటికి తెచ్చాక దాన్ని ఎవరూ తగ్గించరు. సాయంకాలం చెరువు గట్టు మీద నిలబడి, ఆకాశానికి అడ్డంగా ఉన్న తాటిచెట్టును చూడండి. నల్లని మాను చుట్టూ తెల్లని గీత ఏమైనా ఉన్నదా? లేదు. ఇంటికి వచ్చి సినిమాలో రాతి స్తంభం అంచులు చూడండి. సుద్దతో గీసినట్టు తెల్లని గీత కనిపిస్తే, రిమోటు తీసుకుని టెలివిజన్‌లో పదును తగ్గించండి. గీత పోతే తప్పు టెలివిజన్‌ది. ఎంత తగ్గించినా పోకపోతే, ఆ గీత డిస్కులోనే ఉన్నది.

అలాగే సత్రంలో రాత్రి సన్నివేశం దగ్గర ఆపి, గదిలో దీపాలు ఆర్పి చూడండి. చీకటి నల్లగా ఉండాలి, ఆ చీకట్లో బట్టల మడతలు లీలగా తెలియాలి. చీకటి బూడిద రంగులో ఉంటే వెలుగు ఎక్కువయింది. మడతలు మాయమైతే వెలుగు తక్కువయింది. కొత్త టెలివిజన్లలో మరొక చేష్ట ఉన్నది. సెకనుకు 24 బొమ్మలు చాలవన్నట్టు, వాటి మధ్య తమ సొంత బొమ్మలను కల్పించి ఇరికిస్తాయి. అప్పుడు రాయలవారి సభ కూడా రోజూ సాయంత్రం వచ్చే సీరియల్ మాదిరి జారిపోతూ కనిపిస్తుంది. ఆ ఏర్పాటును ఆపెయ్యండి.

ఇప్పుడు గీతల సంగతి. పాత ప్రింటు వేస్తే తెర మీద నిలువునా గీతలు పడతాయి. “సినిమాలో వాన పడుతున్నది,” అని పెద్దవాళ్లు నవ్వటం మీరు వినే ఉంటారు. మీ అన్న టేపులో చూసిన గీతలు అవే. కాని ‘మల్లీశ్వరి’లో నిజంగా వాన కురిసే సన్నివేశం ఉన్నది గదా! ఏది వానో, ఏది గీతో ఎలా చెప్పటం? చాలా తేలిక. రాయలవారి అంతఃపురంలో కూడా వాన పడుతున్నదంటే అది గీత. నిజమైన వాన చూరుకు అవతలే పడుతుంది, గాలికి వాలుతుంది, నేలమీద చిందుతుంది. గీత ఒకే చోట చాలాసేపు నిలబడి, మనుషుల ముఖాల మీదుగా కూడా పోతుంది.

మీకు ఇది తేలికే. కంప్యూటరుకు అంత తేలిక కాదు. డిస్కు తయారుచేసేటప్పుడు ఫిలిం మీది మరకలనూ, గీతలనూ కంప్యూటరుతో తుడుస్తారు. ముందు బొమ్మలోనూ, వెనక బొమ్మలోనూ లేకుండా, మధ్య బొమ్మలో మటుకే ఏదైనా కనిపిస్తే, అది మరక అని కంప్యూటరు అనుకుంటుంది. వానచినుకు కూడా అచ్చంగా అలాగే ఉంటుంది! పక్కన మనిషి కూర్చుని చూసుకోకపోతే, గీతలతో పాటు చినుకులూ తుడిచిపెట్టుకు పోతాయి. కాగడా నుంచి ఎగిరే నిప్పురవ్వలకూ ఇదే గతి. ఇక ఇందాక చెప్పిన వెండి రేణువులున్నాయే, వాటిని కూడా మురికి కిందనే లెక్కగట్టి చదును చేస్తే, వాటితో పాటు బుగ్గమీది చర్మం గరుకూ, చీర నేతా, రాతిమీది ఉలి గుర్తులూ అన్నీ చదునయిపోతాయి. నాగరాజు శిల్పి. అతను చెక్కిన రాయి సబ్బుబిళ్లలా నున్నగా కనిపిస్తే ఎలా?

అవ్వ ‘మైనం’ అన్నది దీన్నే. ఈ విషయంలో నేను అవ్వ పక్షం. శుభ్రంగా ఉండటం వేరు, సరిగా ఉండటం వేరు. తెల్లని గోడ దగ్గర ఆపకుండా చూడండి. ఇసుక కదలాడితే డిస్కు మంచిది. గోడ గడ్డకట్టినట్టు నిలిచిపోయి, మనిషి కదిలినప్పుడు మాత్రం అతని చుట్టూ ఏదో కలకబారినట్టుంటే, ఎవరో అతిగా తుడిచారన్నమాట.

అయితే టేపును కూడా వెనకేసుకు రాను. జపానులో 1976లో అమ్మకానికి వచ్చిన ఈ వి.హెచ్.ఎస్. టేపు, అడ్డంగా సుమారు 240 గీతలను మటుకే విడివిడిగా చూపగలదు. 1996లో వచ్చిన డి.వి.డి. డిస్కులో అడ్డంగా 720 చుక్కలు పడతాయి. 2006లో వచ్చిన బ్లూరే డిస్కులో 1,920 చుక్కలు. కనుక టేపులో నగల చెక్కడం పనీ, దూరాన ఉన్నవాళ్ల ముఖాలూ కలిసిపోయి మసకగా ఉంటాయి. మీ అన్న ఈ మాట సరిగ్గానే చెప్పాడు.

పాదాల సంగతి చూద్దాం. ఆ రోజుల ఫిలిం బొమ్మ ఇంచుమించు నలుచదరం. ఎత్తు 100 అంగుళాలైతే వెడల్పు 137 అంగుళాలు. పాత టెలివిజన్ తెర ఆకారం దాదాపు అదే. కాబట్టి టేపులో బొమ్మ మొత్తం పట్టింది. ఇప్పటి టెలివిజన్ వెడల్పు ఎక్కువ. ఎత్తు 100 అయితే వెడల్పు 178. ఇందులో పాత బొమ్మను ఉన్నదున్నట్టు చూపితే రెండు పక్కలా నల్లని ఖాళీ మిగులుతుంది. “డబ్బిచ్చి కొన్న తెరలో ఖాళీ ఎందుకు?” అనేవాళ్ల కోసం రెండు దొంగ ఉపాయాలు కనిపెట్టారు. ఒకటి, బొమ్మను అడ్డంగా సాగదీయటం. అప్పుడు అందరూ రెండు నెలలు నేతిభోజనం చేసినట్టు కనిపిస్తారు. రెండోది, పైనా కిందా కోసి బొమ్మను పెద్దది చేయటం. ఇందులో బొమ్మ ఎత్తులో దాదాపు నాలుగో వంతు పోతుంది. పైన కిరీటాలు పోతాయి, కింద పాదాలు పోతాయి.

సాగదీశారేమో తెలుసుకోవాలంటే గుండ్రని వస్తువు వెతకండి. ‘మల్లీశ్వరి’లో ఎడ్లబండి ఉన్నది. బండిచక్రం పక్కనుంచి కనిపించినప్పుడు ఆపి, దారంతో అడ్డంగానూ నిలువుగానూ తెర మీద కొలవండి. రెండు కొలతలూ ఒకటే అయితే సరే. కోశారేమో తెలుసుకోవాలంటే ముందు రిమోటులో తెర ఆకారం మార్చే మీట నొక్కి చూడండి. పాదాలు తిరిగివస్తే డిస్కు నిర్దోషి; ఇంట్లో ఎవరో మీట నొక్కి మరచిపోయారు. ఎంత మార్చినా రాకపోతే పాదాలను డిస్కులోనే కోసేశారు. అప్పుడు ఆ నాట్యం మొత్తం కనిపించేది మీ ఇంట్లో అవ్వ టేపులో మాత్రమే!

ఇప్పుడు అసలు చిక్కు. ఏడు నిమిషాలు ఏమయినట్టు?

మీ అన్న ఎవరో కోసేశారనుకున్నాడు. అలా జరగకూడదని లేదు. కాని తీర్పు చెప్పేముందు ఒక లెక్క చేద్దాం. సరిగ్గా మూడు గంటల సినిమా ఒకటి ఉన్నదనుకోండి. సెకనుకు 24 చొప్పున మూడు గంటలకు 2,59,200 బొమ్మలు. మన దేశంలోని టెలివిజన్ పద్ధతి సెకనుకు 25 బొమ్మలది. 24 బొమ్మల ఫిలింను 25 బొమ్మల టేపులోకి ఎక్కించటానికి అతి సులువైన దారి ఏమిటి? ఫిలింనే కాస్త వేగంగా నడపటం! అలాగే చేసేవారు. 2,59,200ను 25 పెట్టి భాగించండి. 10,368 సెకనులు. అంటే 172 నిమిషాల 48 సెకనులు. ఒక్క బొమ్మ కూడా పోలేదు. కాని 7 నిమిషాల 12 సెకనులు మాయమయినాయి!

మరి మీ టేపులో జరిగింది ఇదేనా, లేక నిజంగానే కోశారా? దీనికి చక్కని పరీక్ష ఉన్నది. నోటు పుస్తకంలో రెండు నిలువు వరసలు గీయండి. సినిమా పేరు తెరమీద పడిన క్షణం నుంచి గడియారం మొదలు పెట్టి, ముఖ్యమైన సన్నివేశాలు టేపులో ఎప్పుడు వచ్చాయో ఒక వరసలో, డిస్కులో ఎప్పుడు వచ్చాయో రెండో వరసలో రాయండి. వేగమే కారణమైతే తేడా కొంచెం కొంచెంగా, సమంగా పెరుగుతూ పోతుంది. డిస్కులో ఒక గంటకు వచ్చిన సన్నివేశం టేపులో 57 నిమిషాల 36 సెకనులకు వస్తుంది. రెండు గంటలకు వచ్చింది 115 నిమిషాల 12 సెకనులకు వస్తుంది. అలా కాక, తేడా ఏమీ లేకుండా వచ్చి, ఏదో ఒక చోట ఒక్కసారిగా మూడు నిమిషాలో, నాలుగు నిమిషాలో పెరిగితే, అక్కడ కత్తెర పడింది. సరిగ్గా ఎక్కడ పడిందో కూడా మీకు తెలిసిపోతుంది.

ఇంకొక సాక్ష్యం కూడా ఉన్నది. మన సినిమాల మొదట్లో సెన్సారు సర్టిఫికెట్ చూపుతారు. అందరూ అది పోగానే చూడటం మొదలు పెడతారు. మీరు అక్కడే ఆపండి. సాధారణంగా అందులో సినిమా పొడవు అడుగుల్లోనో, మీటర్లలోనో రాసి ఉంటుంది. అడుగుకు 16 బొమ్మలు, సెకనుకు 24 బొమ్మలు అన్నాం గదా! అంటే నిమిషానికి 90 అడుగులు. పొడవును 90తో భాగిస్తే, సినిమా హాలులో అది ఎన్ని నిమిషాలు ఆడాలో వస్తుంది. 16,200 అడుగులైతే మూడు గంటలు. మీటర్లలో ఉంటే 27.43తో భాగించండి. ఆ జవాబుకు ఏది దగ్గరగా ఉన్నదో చూడండి, టేపా? డిస్కా?

ఇక అవ్వ గొంతు ఫిర్యాదుకు వస్తాను. ఫిలింను వేగంగా నడిపితే శబ్దం కూడా వేగంగా నడుస్తుంది. వేగం పెరిగితే శ్రుతి పెరుగుతుంది. 24 నుంచి 25కు పెరిగితే, హార్మోనియం మీద ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు ఉన్న దూరంలో ముక్కాలు భాగం కంటే కొంచెం తక్కువ పెరుగుతుంది. ఊళ్లో భజనమందిరంలో హార్మోనియం ఉంటుంది. దాని మీద ఒక మెట్టు పట్టుకుని, టేపులోనూ డిస్కులోనూ ఒకే పాటలో ఒకే స్వరం దగ్గర పోల్చి చూడండి. ఒకదాంట్లో అది మెట్టుకు సరిపోతే, రెండోదాంట్లో రెండు మెట్ల మధ్య ఎక్కడో నిలబడుతుంది. ఈ సినిమాలో భానుమతి తన పాటలు తనే పాడింది. కాబట్టి మాటలోనూ, పాటలోనూ ఒకే గొంతు. పోల్చటానికి మహా వీలు.

ఇప్పుడు అర్థమయిందా? డిస్కు ఫిలిం వేగంతోనే నడుస్తుంటే, భానుమతి అసలు గొంతు డిస్కులో ఉన్నదే. అవ్వ ముప్ఫయి ఏళ్లుగా టేపులో కొంచెం హెచ్చు శ్రుతిలో విని విని, అదే అసలు గొంతు అనుకున్నది. నిజమైనది వినిపించేసరికి జలుబు చేసిన గొంతులా తోచింది! అవ్వను ఎవరూ వెక్కిరించకండి. మనలో ఎవరమైనా అంతే. మొదట విన్నదే అసలు అనుకుంటాం.

శబ్దం గురించి మరి రెండు సంగతులు ఉన్నాయి. ఫిలిం అంచున, బొమ్మల పక్కనే, సన్నని చార ఒకటి ఉంటుంది. శబ్దం అందులో వెలుగునీడల రూపంలో ఉంటుంది. దీపపు వెలుగు ఆ చార గుండా పోయి, వెనక ఉన్న ఫోటో సెల్ మీద పడితే, వెలుగు హెచ్చుతగ్గులు కరెంటు హెచ్చుతగ్గులై, స్పీకరులో మాటలవుతాయి. తమాషా ఏమంటే, ఒక బొమ్మ తాలూకు మాట ఆ బొమ్మ పక్కన ఉండదు, సుమారు 20 బొమ్మల ముందు ఉంటుంది! బొమ్మ దీపం ముందు ఆగి ఆగి పోవాలి. శబ్దం మాత్రం ఆగకుండా పోవాలి. రెండు పనులూ ఒకే చోట జరగవు గనక రెండిటికీ మధ్య అంత దూరం పెట్టారు. దీన్ని జాగ్రత్తగా సరిపెట్టకపోతే పెదవులు ఒకటి, మాట ఒకటి అవుతాయి. శిల్పి ఉలిమీద సుత్తితో కొట్టే చోట చూడండి. దెబ్బా, చప్పుడూ కలిశాయా?

సముద్రం ఒడ్డున దూరంగా ఎవరైనా పడవకు మేకులు కొడుతుంటే గమనించండి. సుత్తి పడ్డాక చప్పుడు ఆలస్యంగా వస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది గదా! అందుకే చప్పుడు కాస్త ఆలస్యమైతే మన మనసు సర్దుకుంటుంది. ముందు వచ్చిందో, వెంటనే పట్టేస్తుంది. దెబ్బ పడకముందే చప్పుడు రావటం లోకంలో ఎక్కడా లేదు మరి.

రెండో సంగతి, ఆ బుస్సుమనే చప్పుడు. ఫిలిం అంచున ఉన్న చార మీద దుమ్మూ, గీతలూ పడితే అవి కూడా శబ్దమైపోతాయి. దాన్ని తగ్గించవచ్చు. కాని ఇక్కడా అతి పనికిరాదు. ఆ రోజుల సినిమా హాళ్లలో సెకనుకు సుమారు 8,000 కంపనాలకు మించిన శబ్దం వినిపించటం తక్కువ. ఆ పై అంచునే ‘స’, ‘శ’, ‘ష’ అక్షరాల సవ్వడీ, గజ్జెల ఘల్లుమనటమూ ఉంటాయి. బుస్సుమనే చప్పుడు కూడా అక్కడే కలిసి ఉంటుంది. దాన్ని మొత్తం పీకేస్తే ఇవీ పోతాయి. తెలుగు చారిత్రక చిత్రాలలో మాటలు నిండుగా పలుకుతారు. కళ్లు మూసుకుని వినండి. ‘శ’ ‘స’లా వినిపించినా, గజ్జెలు గోనెసంచిలో మోగినట్టున్నా, శుభ్రం పేరుతో చెవులకు దూది పెట్టారన్నమాట. ఈ పరీక్ష మటుకు నువ్వే చెయ్యి, అమ్మాయీ! చిన్నపిల్లల చెవులు 20,000 కంపనాల దాకా వింటాయి. వయసు వచ్చినకొద్దీ పై శబ్దాలు ముందు వినిపించకుండా పోతాయి. అవ్వకు బుస్సుమనే చప్పుడు బాధించకపోవటానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

ఇక తీర్పు. బొమ్మ నాణ్యతకూ, అసలు వేగానికీ, గొంతుకూ డిస్కు. నాట్యం మొత్తం కనబడటానికి, తుడవని ముఖాలకూ టేపు. కాబట్టి రెండూ ఉండాలి. పాత సామాన్లవాడిని వట్టి చేతులతో పంపండి.

ఇది అవ్వ అన్నం తినటం కోసం చెబుతున్నది కాదు. మొట్టమొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలయింది. ఈనాడు చూద్దామంటే దాని ప్రతి ఒక్కటీ లేదు. ఆ కాలపు ఫిలిం నైట్రేట్ అనే పదార్థంతో చేసేవారు. అది అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, మండటానికి కావలసిన ఆక్సిజన్ అందులోనే ఉంటుంది. పాత సినిమాలను భద్రపరచటానికి పుణేలో 1964లో జాతీయ ఫిలిం భాండాగారం పెట్టారు. అయినా 2003 జనవరిలో పుణేలోనే ఒక గిడ్డంగిలో నిప్పు అంటుకుని ఎన్నో నైట్రేట్ ఫిలిములు బూడిదయినాయి. తరవాత వచ్చిన ఎసిటేట్ ఫిలిం అంత తేలికగా మండదుగాని, వేడికీ తేమకూ కుళ్లి, పులిసిన వాసన కొడుతుంది. మన తెలుగు సినిమాలు చాలాకాలం మద్రాసులో తయారై అక్కడే ఉండేవి. మద్రాసుది కూడా మీ మైపాడు గాలే, తేమా ఉప్పూ కలిసిన గాలి. మీ అవ్వ టేపును ఏ ప్రింటు నుంచి ఎక్కించారో, ఆ ప్రింటు ఇప్పుడు ఎలా ఉన్నదో ఎవరు చెప్పగలరు? డిస్కులో లేనిది ఏదైనా అందులో ఉండి ఉంటే, అది బీరువాలో ఉండటమే మేలు.

అయితే ఆ బీరువాలో టేపుకు కూడా ప్రమాదం ఉన్నది. టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన ఇనప తుప్పు వంటి పొడి. తేమ తగిలితే దాని మీద బూజు పడుతుంది. మీ ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలూ, తుఫానులూ గనక అప్పుడే జాగ్రత్తగా ఉండాలి. టేపు పెట్టె కిటికీలోంచి చూడండి. చుట్ట అంచున తెల్లని మచ్చలు కనిపిస్తే, యంత్రంలో పెట్టనే పెట్టకండి. ఆ బూజు యంత్రానికి అంటుకుని, దాని నుంచి మిగతా టేపులకు అంటుతుంది. పైగా పట్టీ తెగవచ్చు. బూజు తుడవటం తెలిసినవాళ్ల చేతే చేయించాలి. మచ్చలు లేకపోతే, ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి చుట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పుస్తకంలా నిలబెట్టండి. కొత్త చెప్పుల పెట్టెల్లోనూ, సంచుల్లోనూ చిన్న పొట్లాలు వస్తాయే, తేమ పీల్చేవి, అవి నాలుగైదు డబ్బాలో వెయ్యండి. స్పీకర్ల పక్కన పెట్టకండి. వాటిలో అయస్కాంతం ఉంటుంది. యంత్రం పని చేస్తున్నప్పుడే టేపును కంప్యూటరులోకి ఎక్కించుకోవటం ఇంకా మంచిది. ఈ పని మీ అన్నకు అప్పగించండి. టేపు పారేస్తానన్నవాడు గనక అతనే చెయ్యాలి!

అన్నట్టు, అమ్మాయీ, సన్నివేశాల పట్టిక పూర్తి కాగానే మాకు పంపించు. సెన్సారు సర్టిఫికెట్ మీ రెండిటిలో దేంట్లోనైనా ఉంటే, అందులో పొడవు ఎంత ఉన్నదో కూడా రాయి. తేడా సమంగా పెరిగిందో, ఒక్క చోట ఎగిరిందో వచ్చే నెల సంచికలో అందరికీ చెబుదాం.